లీవుకి దాచిన నిర్ణయాలు

మా ఇంట్లో సున్నుండలతో పాటు నిర్ణయాలు కూడా దాచిపెట్టేవాళ్ళం. రెండూ మా ఆయన కోసమే. ఆయన మిలటరీలో చేసేవాడు. ఏడాదికి రెండు నెలలు లీవు, అదీ ఎప్పుడూ ఎండాకాలంలోనే దొరికేది. అప్పటికి పంట తీసి, అమ్మేసి, చేలు దున్ని వదిలేసి ఉంటాం. సత్తెనపల్లి దగ్గర మా నల్లరేగడి చేలల్లో మే నెలలో నెర్రెలు తప్ప చూడ్డానికి ఏమీ ఉండదు. ఆయన గట్టు మీద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ నెర్రెల్నే శత్రువు ఎటునుంచి వస్తాడో అన్నట్టు చూసేవాడు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చోగానే మా అత్త అమాయకంగా మొహం పెట్టి అడిగేది.

"ఏరా అబ్బాయ్, ఈ యేడు పై చేలో పత్తి వేద్దామా, కంది వేద్దామా?"

ఆయన ముద్ద కలపడం ఆపి ఆలోచించేవాడు. ఆలోచించేటప్పుడు కనుబొమలు దగ్గరికొచ్చేవి. చివరికి, "పత్తే వెయ్యండి" అనేవాడు. "నువ్వు చెప్పాక ఇంకేముందిరా" అనేది అత్త. నేను మజ్జిగ పోస్తూ "అలాగేనండి" అనేదాన్ని. కంది విత్తనాల సంచి అప్పటికే అటక మీద ఉండేది.

రెండు నెలలూ ఇదే వరస. కొట్టానికి రేకులు వేయించాలా, తాటాకు కప్పించాలా? చూడిగేదెను అమ్మాలా, ఉంచాలా? అమ్మాయిని ఏ బళ్ళో వెయ్యాలి? అన్నీ ఆయన్నే అడిగేవాళ్ళం. మేం తేల్చేసుకున్నవి కూడా తేల్చనట్టు నటించి అడిగేవాళ్ళం. ఆయన రైలెక్కాక మాకు తోచింది మేం చేసేవాళ్ళం. తర్వాత ఇన్‌లాండ్ లెటర్ మీద "మీరు చెప్పినట్టే పై చేలో పత్తి వేశాం" అని నా చేత్తో నేనే రాసేదాన్ని. అక్కడ పై చేలో కంది నడుమెత్తు పెరిగి ఉండేది.

ఈ ఆచారం పెట్టింది మా అత్త. నా పెళ్ళయిన రెండో యేడే మావయ్యగారు పోయారు. సేద్యం మా ఇద్దరి నెత్తిన పడింది. పుట్టింట్లో పొలం గట్టు తొక్కనిదాన్ని, రెండేళ్ళు తిరిగేసరికి అరకవాళ్ళతో గొడవపడటం దాకా వచ్చాను. "ఎందుకత్తా ఈ నాటకం? ఉన్నమాట చెబితే పోలా?" అన్నాను ఓసారి. ఆవిడ వక్క కొరుకుతూ, "పిచ్చిదానా, ఇంట్లో తన పని మిగిలుంటేనే మగాడు తిరిగొస్తాడే. అన్నీ నువ్వే చక్కబెట్టేస్తున్నావని తెలిస్తే, వాడక్కడ దేనికి ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటాడు?" అంది. నాకది చాదస్తమనిపించింది. అయినా ఎదురు చెప్పలేదు.

మా ఊరికి దేశభక్తి మహా ఎక్కువ. ఆయన లీవుకొస్తున్నాడని తెలిస్తే చాలు, మిలటరీ క్యాంటీన్ సరుకుల చీటీలు వచ్చిపడేవి. ఒకరికి కుక్కరు, ఒకరికి సూట్‌కేసు, మిగతా అందరికీ రమ్ము. దేశం కోసం ప్రాణాలిచ్చేవాడు రెండు సీసాలివ్వలేడా అని వాళ్ళ వాదన. సీసా అందనివాడు ఆ యేడంతా నాతో మాట్లాడేవాడు కాదు. ఆయన వెళ్ళిపోయాక మా బోరు మోటారు కాలిపోయిన రోజున మాత్రం ఈ దేశభక్తుల్లో ఒక్కడూ మా గడప తొక్కలేదు.

కార్గిల్లో యుద్ధమొచ్చిన యేడు లీవు రాలేదు, ఉత్తరమూ రాలేదు. ఆయన అడ్రసుకి ఊరి పేరుండదు, వట్టి నంబరే. ఎక్కడున్నాడో మాకు తెలియదు. ఊళ్ళో టీవీ ఉన్న ఇంటికి వార్తలు చూడ్డానికి వెళితే, నాకోసం ముందు వరసలో పీట వేసేవాళ్ళు. వాళ్ళ చూపు టీవీ మీద ఉండేది కాదు, నా మొహం మీద ఉండేది. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు. పోస్టుమాను మా వీధిలోకి తిరిగితే వెనక నలుగురు వచ్చేవాళ్ళు. ఉత్తరం లేదంటే వాళ్ళ మొహాల్లో కనబడింది నిరాశ కాదని నేను ప్రమాణం చెయ్యలేను.

నాకు భయంతో అన్నం సయించేది కాదు. పగలంతా కూలోళ్ళతో కలిసి పత్తి గింజలు పెట్టేదాన్ని. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేది. అప్పుడు మా అత్త, "ఉత్తరం రాయవే. ఈ యేడు పత్తా కందా అని అడుగు. వాడికి చెప్పాల్సిన పనుందని తెలియాలి" అంది. రాశాను. నెల దాటాక జవాబొచ్చింది. క్షేమమే అని ఒక ముక్క, కింద ఇంకో ముక్క: "కింద చేలో మిరప వెయ్యండి."

మిరప ఊసు మేం ఎత్తనేలేదు. ఆయన ఊళ్ళో ఉన్న రోజుల్లో మాకు మిరప సాగే లేదు. పక్క మంచం సిపాయి ఎవడో చెప్పి ఉంటాడు. అప్పటికి కింద చేలో పత్తి మొలిచి నాలుగాకులు వేసింది. ఏటా చేసినట్టే ఉత్తరం మడిచి డబ్బాలో పడేయాల్సింది. పడేయలేదు. మర్నాడు అరక కట్టించి అరెకరం పత్తి మొక్క దున్నించేశాను. నారు కొనుక్కొచ్చి మిరప వేశాను. "మిలటరీ ఆయన పెళ్ళానికి మతి పోయింది" అంది ఊరు. నిజానికి కొంత పోయింది కూడా. ఈ ఒక్కటీ ఆయన చెప్పినట్టు చేస్తే ఆయన తిరిగొస్తాడని నా మనసుకి గట్టిగా అనిపించింది. అత్తది చాదస్తమన్నదాన్ని నేనే.

జవాబులో మాత్రం ఎప్పుడూ రాసే మాటే రాశాను. "మీరు చెప్పినట్టే మిరప వేశాం." అన్ని అబద్ధాల మధ్య ఆ ఒక్క నిజం ఆయనకేం తెలుస్తుంది?

ఆయన నిక్షేపంగా తిరిగొచ్చాడు. తీరా చూస్తే యుద్ధం జరిగినన్నాళ్ళూ అస్సాంలో ఓ వంతెన దగ్గర కాపలా కాశాడట. జలగల బాధ తప్ప వేరే బాధ లేదన్నాడు. నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. అంత ఏడ్చింది వంతెన కోసమా అనిపించింది. లోపలికెళ్ళి మళ్ళీ ఏడ్చాను.

మిరప మా కింద చేనుకి కలిసొచ్చింది. ఏటేటా పెంచాను. నారు పోయడం, బొబ్బర తెగులు కనిపెట్టడం, కల్లంలో కాయ ఎండబెట్టడం అన్నీ దెబ్బలు తిని నేర్చుకున్నవే. బస్తాలు లారీకెత్తించి గుంటూరు మిర్చి యార్డుకి నేనే వెళ్ళేదాన్ని. మొదట్లో కమీషన్ ఏజెంటు "మగాళ్ళెవరూ లేరామ్మా?" అనేవాడు. మూడో యేటికి కుర్చీ వేసి "అమ్మగారూ" అనేవాడు. ఆ కుర్చీ నాకు చాలా ఇష్టం. దాచుకోవడమెందుకు?

అలాంటి సమయంలో ఆయన రిటైరయ్యాడు. పదిహేడేళ్ళ సర్వీసు పూర్తయింది, ఇక ఇంటి దగ్గరే ఉంటానని ఉత్తరం రాశాడు. ఆనందంగా చదివాను. రెండోసారి చదువుతుంటే గుండెల్లో రాయి పడింది. లీవు నాటకం రెండు నెలలైతే ఆడొచ్చు. జీవితాంతం ఎలా ఆడతాం? పన్నెండేళ్ళుగా సేద్యం తనే నడిపిస్తున్నానని ఆ మనిషి నమ్ముతున్నాడు. నమ్మించింది మేమే. మొగుడొస్తున్నాడు, నా చేను పోతోంది. రెండూ ఒకే ఉత్తరంలో వచ్చాయి.

కార్తీకంలో నల్ల ట్రంకు పెట్టెతో బస్సు దిగాడు. ఊరు మెళ్ళో దండ వేసింది. ప్రెసిడెంటు మైకు పట్టుకుని, మంచుకొండల మీద ఈయన ఒంటిచేత్తో చేసిన పోరాటం గురించి అరగంట చెప్పాడు. మా ఆయన రెండుసార్లు లేచి "నేను అస్సాంలో..." అనబోయాడు. రెండుసార్లూ భుజాలు పట్టుకుని కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. సభ అయిపోగానే ఒకాయన పక్కకి పిలిచి, రిటైరయినా క్యాంటీన్ కార్డు పనిచేస్తుందా అని వాకబు చేశాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. వారం తిరక్కుండా వాకిట్లో తులసికోట చుట్టూ ఇటుకలు ఏటవాలుగా పాతి ఒకటి తెల్లసున్నం, ఒకటి ఎర్రజాజు పూశాడు. చెప్పులు ఒక వరసలో ఉండాలి. మంచాల దుప్పట్లకి ముడతలుండకూడదు. అమ్మాయి బడికెళ్ళే ముందు గోళ్ళు చూసేవాడు. మా అత్త వక్క ఉమ్మేచోటికి హద్దు గీశాడు. ఆవిడ హద్దు ఇవతలే ఉమ్మేది. "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. చూస్తూ ఉండవే, వాడే చల్లబడతాడు" అనేది నాతో.

చల్లబడలేదు. సంక్రాంతి వెళ్ళాక మొదటి కోత మొదలైంది. పొద్దున్నే కల్లం దగ్గర ఈల వేసి, మిరపకోతకొచ్చిన ఆడవాళ్ళని వరసలో నిలబెట్టి హాజరు తీసుకున్నాడు. వాళ్ళలో ఒక ముసలమ్మ, "కోతకి పిలిచావా బాబూ, తుపాకీ ఇస్తావా?" అనడిగింది. అందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆయన మాత్రం నవ్వలేదు.

ఇక్కడ మిరప సంగతి ఒకటి చెప్పాలి. కోసి తెచ్చిన కాయంతా ఒక్కలా పండి ఉండదు. కొంత ఎర్రబారి, కొంత దోరగా ఉంటుంది. అందుకని కల్లంలో కుప్ప పోసి, పట్టా కప్పి, రెండు మూడు రోజులు మాగనిస్తాం. అప్పుడు కాయంతా ఒకే రంగుకొస్తుంది. ఆ తర్వాతే ఎండకి పరుస్తాం. తొందరపడి దోరకాయని ఎండలో పోస్తే తెల్లబడి తాలుకాయ అవుతుంది. తాలుకాయని యార్డులో ఎవడూ కన్నెత్తి చూడడు. చూడ్డానికి మాత్రం ఆ కుప్ప, చేతగానోళ్ళు ఎక్కడిదక్కడ పడేసిపోయినట్టే ఉంటుంది.

ఆయన కంటికీ అలాగే కనబడింది. నేను మధ్యాహ్నం అన్నం క్యారియరు తీసుకుని వెళ్ళేసరికి పట్టా తీసేసి ఉంది. తాడు పట్టి కొలిచి, కల్లం నిండా సున్నంతో గీతలు గీయించి, గళ్ళు గళ్ళుగా కాయ పరిపిస్తున్నాడు. గడికీ గడికీ మధ్య మనిషి నడవడానికి దారి. కల్లం అచ్చం పెరేడ్ గ్రౌండులా ఉంది. అంత అందంగా ఎవరూ పంటను పాడుచేసి ఉండరు.

"అయ్యో, కుప్ప ఎందుకు తీశారండీ? ఇంకా రెండ్రోజులు మాగాలి" అన్నాను.

"కుప్పలో ఉంటే కుళ్ళిపోదా? పొద్దున చెయ్యి పెట్టి చూశా, లోపల వేడెక్కిపోతోంది."

"వేడెక్కాలండి. ఇక్కడ అలాగే చేస్తారు."

ఆయన తాడు చుట్టుకుంటూ నావైపు తిరిగాడు. కోపంగా కూడా కాదు, చిన్నపిల్లకి చెప్పినట్టు అన్నాడు. "పన్నెండేళ్ళ నుంచి ఎక్కడో కూర్చుని ఈ సేద్యం నడిపించినోణ్ణి. ఎదురుగా ఉండి నడపలేనా?"

నేనేం చెప్పను? నోరు తెరిస్తే పన్నెండేళ్ళ అబద్ధం కల్లంలో కూలోళ్ళందరి ముందూ బయటపడుతుంది. అత్త వైపు చూశాను. ఆవిడ ఆకాశం వైపు చూస్తోంది. అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది. "అలాగేనండి."

నిజం చెప్పాలంటే అది జాలి ఒక్కటే కాదు. లోపల కసి కూడా ఉంది. చూద్దాం నడపమను, తాలు పడ్డాక తెలుస్తుంది అనుకున్నాను. నా చేతి పంట కళ్ళముందు తెల్లబడుతుంటే నాలుగు రోజులు అన్నం పెట్టి, మజ్జిగ పోసి, ఊరుకున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

యార్డుకి ఇద్దరం వెళ్ళాం. పాంటూ చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఆయన ముందు నడిచాడు. నేను బస్తాల వెనక, నీడలో కూర్చున్నాను. ఏజెంటుకి నేను కనబడే చోటు కాదు. అతను బస్తాలో చెయ్యి దూర్చి గుప్పెడు కాయ తీశాడు. అరచేతిలో పరిచి చూశాడు. ఇంకో బస్తాలోంచి తీశాడు. సగం కాయ పాలిపోయి ఉంది. బస్తా మీద మా గుర్తు చూసి మా ఆయన్ని అడిగాడు.

"అమ్మగారికి ఒంట్లో బాగోలేదా ఏంటండీ ఈ యేడు?"

"ఏ అమ్మగారు?"

"ఈ చేను అమ్మగారండీ. ఆరేళ్ళుగా ఆవిడ కాయ చూస్తున్నాం. అసలు తాలు కనబడదు. ఇది ఆవిడ చేతిలో పడిన కాయ కాదు, ఎవడో తెలియనోడు కుప్ప కట్టకుండా ఎండలో పోసేశాడు." అతను కాయ మళ్ళీ బస్తాలో పడేసి, మా ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మీరు ఆవిడ దగ్గర పనిచేస్తారా?"

నేను లేవబోయాను. మళ్ళీ కూర్చుండిపోయాను. పదిహేడేళ్ళు తుపాకీ మోసిన మనిషి. ఇప్పుడు ఏమంటాడో, ఏం చేస్తాడో అని భయంతో బస్తా చెవి గట్టిగా పట్టుకున్నాను.

ఆయన వంగి బస్తాలోంచి ఒక తాలుకాయ తీసి చూశాడు. తర్వాత అన్నాడు.

"అవునండీ. కొత్తగా చేరాను."

వచ్చిన రేటుకి కాయ వదిలేసి బస్సెక్కాం. పేరేచర్ల దాటింది. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇరువైపులా కల్లాలే, ఎక్కడ చూసినా పట్టాలు కప్పిన కుప్పలే. ఒక్కో కుప్ప వచ్చినప్పుడల్లా తల తిప్పి అది కనుమరుగయ్యేదాకా చూశాడు. మేడికొండూరు దగ్గర బస్సాగితే అడిగాడు.

"నేను లీవులో చెప్పినవి ఒక్కటన్నా చేశారా?"

మెత్తగా అబద్ధం చెప్పొచ్చు. చేతకాక కాదు, పన్నెండేళ్ళ అనుభవముంది. కానీ ఇక ఓపిక లేదు. "లీవులో చెప్పినవి ఒక్కటీ చెయ్యలేదు" అన్నాను. "ఉత్తరంలో చెప్పింది ఒకటి చేశాను. యుద్ధం యేడు మిరప వెయ్యమన్నారు. మొలిచిన పత్తి దున్నించి వేశాను. ఊరంతా నవ్వింది. మీరు చెప్పింది చేస్తే మీరు తిరిగొస్తారనుకున్నాను. ఇవాళ ఆ ఏజెంటు మెచ్చుకున్న చేను అదే."

ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. కండక్టరు చిల్లర ఇచ్చిపోయాడు. అటే చూస్తూ అన్నాడు.

"గుంటూర్లో బ్యాంకుల దగ్గర రిటైరైన మిలటరీవాళ్ళని కాపలాకి తీసుకుంటున్నారట. పోయి కనుక్కుంటా. ఇంట్లో నాకు పనేముంది?"

అత్త అన్నమాట గుర్తొచ్చింది. మళ్ళీ పోతాడు. మళ్ళీ ఉత్తరాలూ, మళ్ళీ సున్నుండలూ, ఆదివారానికోసారి వచ్చి కుర్చీలో కూర్చునే చుట్టం. ముందు దుఃఖం, దాని వెనకే కోపమొచ్చింది. నాకెప్పుడూ కోపమే పనికొచ్చింది.

"కొత్తగా చేరినోళ్ళు ఒక్క కోతకే మానేస్తే ఇంకెక్కడా పెట్టుకోరు" అన్నాను.

ఆయన గబుక్కున తిరిగి చూశాడు. యార్డులో తను "కొత్తగా చేరాను" అన్నమాట కూడా నేను విన్నానని ఆయనకి అప్పుడు తెలిసింది. సత్తెనపల్లి వచ్చింది. బస్సు దిగేటప్పుడు నా చేతిలో సంచి తను తీసుకున్నాడు.

రెండో కోతకి కాయ కుప్ప పోశాం. ఆయన దాని పక్కన కుర్చీ వేసుకుని మూడు రోజులు కూర్చున్నాడు. కోడిని రానివ్వలేదు, మేకని రానివ్వలేదు, ఊరివాణ్ణి ఒకణ్ణి కూడా చెయ్యి పెట్టి చూడనివ్వలేదు. ప్రెసిడెంటు వస్తే ఆయన్నీ గీత అవతల నిలబెట్టాడు. కాయ మంచి రంగు తేలింది. యార్డుకి మాత్రం నేను ఒక్కదాన్నే వెళ్ళాను. రమ్మన్నా రాలేదు.

ఆ ఎండాకాలం మా అత్త భోజనాల దగ్గర ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన తల వంచుకుని తినేసి లేచేవాడు. చెప్పుల వరస చెదిరినా పట్టించుకునేవాడు కాదు. తులసికోట ఇటుకల మీద సున్నం వెలిసిపోయింది. సేద్యం మొత్తం నాదే, అడ్డులేకుండా నాదే. కోరుకున్నది అదే అయినా, ఎదురుగా ఆ మనిషి అలా తింటుంటే నాకు ముద్ద దిగేది కాదు.

శ్రావణంలో ఓ మధ్యాహ్నం అత్త ఉన్నట్టుండి అడిగింది. చాదస్తంతో అడిగిందో, తెలిసే అడిగిందో ఇప్పటికీ నాకు తెలియదు.

"ఏరా అబ్బాయ్, ఈ యేడు కింద చేలో మిరప వేద్దామా, పత్తి వేద్దామా?"

నా చేతిలో మజ్జిగ గిన్నె ఆగిపోయింది. మిరప నారుమడిలో మొక్క అప్పటికే జానెడు లేచింది. ఆ పొద్దున దానికి నీళ్ళు పెట్టింది ఆయనే. గోళ్ళ సందుల్లో ఇంకా నల్లమన్ను ఉంది. ఆయన ముద్ద కలపడం ఆపాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. లీవులో ఆలోచించినంతసేపూ ఆలోచించాడు.

"పత్తే వెయ్యండి" అన్నాడు.

"నువ్వు చెప్పాక ఇంకేముందిరా" అంది అత్త.

"అలాగేనండి" అన్నాను మజ్జిగ పోస్తూ. "తొందరగా తినండి, ఎండ తగ్గగానే నారుమడిలో కలుపు తియ్యాలి."

ఆయన గబగబా తినేసి లేచాడు.